మందు కొట్టేముందు ఆకు తిరగేసి చూడు

చి. అమ్మలుకి, పెద్దమ్మ ఆశీస్సులు.

వైట్‌ఫీల్డ్‌లో మీ మేడ మీద టమాటా, క్యాబేజీ ఆకుల్ని లద్దె పురుగు జల్లెడ చేసేసిందని, ఆదివారం మందు కొడతానని అన్నావు. ఆ సీసా మూత తీయకముందే పొద్దున్నే ఆకులు తిరగేసి ఒక్కో పురుగునీ దగ్గరగా చూడు. తల వెనకాల మడతల్లో గసగసాలంత తెల్లటి గుడ్లు గట్టిగా అంటుకుని ఉంటే ఆ పురుగును చంపకు. అవి టాకినిడ్ ఈగ పెట్టిన గుడ్లు. వాటిలోంచి వచ్చిన పిల్ల, పురుగు చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతుంది. గాలి కోసం చిన్న రంధ్రం ఉంచుకుని, లోపలి నుంచే తింటూ పెరుగుతుంది. ఎదిగాక బయటికొచ్చి మట్టిలోకి దిగి కోశం కట్టుకుంటుంది. ఆ లద్దె పురుగు ఇక రెక్కల పురుగై ఎగరదు.

గుడ్లలోంచి పిల్లలు రాకముందే పురుగు కుబుసం విడిస్తే మాత్రం అవి ఆ తోలుతోపాటు రాలిపోతాయి. అలా ఒకటీ అరా తప్పించుకుంటే టెన్షన్ పడకు.

గుడ్లున్న పురుగుల్ని రెండు వేళ్ల మందం మట్టి పోసిన డబ్బాలో వేసి, రోజూ తాజా ఆకు పెట్టి, పైన పలచటి గుడ్డ కట్టు. ఈగలు బయటికొచ్చాక మొక్కల దగ్గరే వదిలెయ్. చూడ్డానికి ఇంట్లో ఈగలాగే ఉంటుంది గానీ, వెనక భాగం నిండా బిరుసు నల్ల వెంట్రుకలు. మనిషిని కుట్టదు. దోమల బ్యాట్ దాని జోలికి పోనివ్వకు తల్లీ!

గుడ్లు లేని పురుగుల్ని చేత్తో ఏరెయ్. ఘాటు మందు కొడితే ఈ ఈగలూ పోతాయి. బీటీ మందు, అంటే లద్దె పురుగుల్ని చంపే బ్యాక్టీరియా మందు, ఈగను ఏమీ చేయదు, కానీ పురుగు ముందే చస్తే లోపలి పిల్లా చస్తుంది. ఎదిగిన ఈగకు కావలసింది పూల తేనె. కొత్తిమీర, సోపు ఒక్కో కుండీ పూతకు వదిలెయ్, పీకకు.

ఇంకొక్క మాట. సంక్రాంతికి హిందూపురం వెళ్లేటప్పుడు ఆ డబ్బా వెంట తీసుకెళ్లకు. మీ మామయ్య పట్టుపురుగులు పెంచుతున్నాడు కదా! పట్టు రైతుల్ని ఏడిపించే ఊజీ ఈగ కూడా ఈ జాతిదే. 1980లో బెంగాల్ నుంచి వచ్చిన పట్టుగూళ్లతో కర్ణాటకలోకి దిగింది. లద్దె పురుగుకీ పట్టుపురుగుకీ తేడా చూడని ఈగలు వీటిలో ఉన్నాయి.

మీ పెద్దమ్మ