జేగురు సుద్దతో చెట్టు నీడ గీయాలంటే

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో నిన్న రాత్రి చూశాను, పొద్దున్నే వెలుతురులో మళ్ళీ చూశాను. 18వ శతాబ్దపు ఫ్రెంచి బొమ్మకు నకలు తీయాలని నీకు తోచడమే నాకు పెద్ద సంతోషం. గుబురు చెట్ల కింద దగ్గరదగ్గరగా కూర్చున్న ఆ స్త్రీపురుషులిద్దరి పోలిక బాగా కుదిరింది. కానీ అమ్మడూ, వాళ్ళు చెట్ల మధ్య కూర్చున్నట్టు లేరు, కత్తిరించి అంటించినట్టున్నారు. ముందు మనుషుల్ని గీసేసి, మిగిలిన చోట చెట్లు నింపావు కదూ? నేనూ చాలా ఏళ్ళు ఇదే పొరపాటు చేశాను.

ఈసారి నీడతో మొదలుపెట్టు. మనుషులు ఎక్కడ ఉండాలో రెండు మూడు సన్నటి గుర్తులు పెట్టుకుని, ఆ చోటు అలా వదిలెయ్. వాళ్ళ వెనక పొదను, తలల మీదికి వాలిన కొమ్మను గీస్తూ రా. నీడ చుట్టూ కమ్ముకుంటున్న కొద్దీ, నువ్వు ముట్టుకోని కాగితమే ఆమె భుజమవుతుంది, గౌను కుచ్చిళ్ళవుతుంది. ముఖాల జోలికి చివర్లో వెళ్ళు. అంత చిన్న ముఖానికి కన్ను అంటే ఒక చుక్క, అంతే.

ఆకుల సంగతి 18వ శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడు ఫ్రాగొనార్ దగ్గర నేర్చుకో. 1760 వేసవిలో, 28 ఏళ్ళ వయసులో, అతను రోము దగ్గర టివోలీలోని విల్లా దెస్తే అనే భవనంలో ఉండి దాని తోటల్ని ఎర్ర సుద్దతో గీశాడు. ఆ బొమ్మల్లో పది ఇప్పుడు ఫ్రాన్సులో బెజాన్సన్ మ్యూజియంలో ఉన్నాయి. చెట్లు ఆకాశానికి ఎగబాకుతుంటే మనుషులు వాటి కింద చిట్టి చిట్టిగా ఉంటారు. ఆ బొమ్మల ఫొటో జూమ్ చేసి ఆకుల దగ్గర ఆగు. విడిగా ఒక్క ఆకూ దొరకదు. మెలికలు తిరుగుతూ పోయే గీతే ఉంటుంది, ఒకచోట ఒత్తి, ఒకచోట తేలిగ్గా. నువ్వేమో ఆకులు లెక్కపెట్టినట్టు గీశావు. వేళ్ళతో కాదు, మోచేతి నుంచి కదిలించు. పాత పేపర్ల మీద ఓ వారం ఆ మెలికే గీస్తూ ఉండు.

ఫ్రాగొనార్‌కు ముందుతరం ఫ్రెంచి చిత్రకారుడు వాటో అయితే ఎరుపు, నలుపు, తెలుపు మూడు సుద్దలూ కలిపి వాడేవాడు. తెలుపు మెరవాలంటే కాగితానికి కాస్త రంగుండాలి. నీది తెల్ల కాగితం కాబట్టి ఇప్పటికి ఎరుపు ఒక్కటి చాలు.

ఆ ఎరుపు మన జేగురు మన్ను లాంటిదే, ఇనుము కలిసిన మట్టి. షాపులో కాంటే కర్రలని గట్టి సుద్ద కర్రలు దొరుకుతాయి, వాటితో పని జరుగుతుంది. నున్నటి షీటు మీద జారిపోతుంది, కొంచెం గరుకు కాగితం తీసుకో. రబ్బరుతో రుద్దితే పూర్తిగా పోదు, గులాబీ మరక మిగులుతుంది. అందుకే చెయ్యి తప్పిన గీతను నీడలో కలిపెయ్యడమే మార్గం. బాగా ముదురు కావాలన్న చోట, చెట్టు మొదట్లోనో అతని మోచేతి కిందో, మొన కాస్త తడిపి గీయి. రెండు మూడు చోట్లకి మించి వద్దు.

అరచేతి కింద బటర్ పేపర్ తప్పకుండా పెట్టుకో, గీయడం అయ్యాక బొమ్మ మీదా ఒకటి కప్పు. కుర్రతనంలో నేను నెల రోజులు కూర్చుని గీసిన బొమ్మను అలాగే పుస్తకంలో పెట్టేశాను. తీసి చూస్తే బొమ్మలోని ముఖం ఎదుటి పేజీకి అంటుకుపోయింది. ఆ బాధ నీకు రాకూడదు.

ఈసారి బొమ్మంతా ఫొటో తీయకు. ఆ ఇద్దరి తలల మధ్య వదిలిన తెల్లటి చోటు ఉంటుంది చూడు, అది మాత్రం దగ్గర నుంచి తీసి పంపు.

నీ మామయ్య