విండోస్ 11లో వర్డ్ 6.0 ఎక్కట్లేదన్న ప్రశ్నకు

మీ నాన్నగారు వర్డ్ 6.0లో టైప్ చేసిన ఫైళ్ల కోసం ఆ పాత సెటప్ పెడితే విండోస్ 11 ఒప్పుకోవట్లేదన్నారు. తప్పు మీది కాదండీ. అది పాతకాలపు 16 బిట్ ప్రోగ్రాం, విండోస్ 11 పూర్తిగా 64 బిట్, అందులో 16 బిట్ ప్రోగ్రాంలు నడవవు. కంపాటిబిలిటీ మోడ్ (పాత ప్రోగ్రాంల కోసం ఉండే సెట్టింగ్) ఎంత మార్చినా లాభం లేదు, దానిమీద ఇంకో సాయంత్రం పోగొట్టుకోకండి.

మీకు కావలసింది ఫైళ్లే కదా. ముందు మొత్తం ఫోల్డర్‌కు కాపీ తీసి పక్కన పెట్టండి, ఇది మాత్రం మరవొద్దు. తర్వాత లిబ్రే ఆఫీస్ (వర్డ్ లాంటి ప్రోగ్రామే, ఉచితం) వేసుకుని అందులో తెరిచి, ఇప్పటి వర్డ్ ఫైలు రకమైన డాక్స్‌ (.docx)గా సేవ్ చేయండి.

తెలుగు బదులు అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తే కంగారుపడకండి. ఫైలు పాడవలేదు, యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించేలా చేసే ఇప్పటి పద్ధతి) కాని అప్పటి ఫాంటు మీ సిస్టంలో లేదంతే. పాత కంప్యూటర్లో ఉంటే తెచ్చి ఇన్‌స్టాల్ చేయండి. ఏ ఫాంటో చెబితే యూనికోడ్‌లోకి మార్చే దారి చూద్దాం.