నోరు విప్పని పిల్లకు నాయకత్వమా?

ప్రశ్న: మహేంద్రగిరి దిగువన మూడు రోజుల స్కౌట్స్, గైడ్స్ శిబిరానికి మా తొమ్మిదో తరగతి అమ్మాయిని పంపమంటున్నారు. నలుగురిలో నోరు విప్పని పిల్లకు దానివల్ల నాయకత్వం అబ్బుతుందా?
– ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మాటకారితనమే నాయకత్వమనుకోవడం దగ్గరే మనం పొరపడుతున్నాం. 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో స్కౌట్ ఉద్యమాన్ని ప్రారంభించిన బేడెన్ పవెల్ నడిపిన శిబిరంలో సుమారు 20 మంది బాలురను నాలుగు దళాలుగా విభజించి, ఒక్కో దళం బాధ్యతను అందులోని బాలుడికే అప్పగించారు; స్కౌట్ పద్ధతికి నేటికీ అదే ఆధారం. ఆరేడుగురికి అన్నం ఉడకాలి, వాన పడేలోగా గుడారం తాళ్లు బిగించాలి, తడి కట్టెలు అంటుకోకపోతే ఎవరినీ కసరకుండా మరో దారి చూడాలి. ఇక్కడ పొరపాటు జరిగితే తగ్గేవి మార్కులు కావు, అందరి భోజనమూ ఆలస్యమవుతుంది. (మొదటి పూట అన్నం మాడక తప్పదు లెండి.) పైగా తెలుగు, ఒడియా, సవర మాట్లాడే పిల్లలు ఒకే గుడారంలో కలిసే మన ప్రాంతంలో, గట్టిగా ఆజ్ఞాపించే పిల్లకన్నా ముగ్గురి మాటా ఓపికగా విని పని పంచే పిల్లే ఎక్కువ నెగ్గుకొస్తుంది.

దళనాయకత్వం రోజుకొకరికి మారుతుందా, రాత్రి ఉపాధ్యాయిని తోడుంటారా అని ముందే అడగండి. దోమతెర మాత్రం తప్పక పంపండి.