మిన్నెసోటాలో మీ తొలి చలికాలానికి

చిరంజీవి అమ్మాయికి, అల్లుడు గారికి పెదనాన్న ఆశీస్సులు.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నన్నాళ్లూ ఇంటిని వెచ్చబరిచే ఫర్నేస్ సంగతి, పైపుల సంగతి యజమానులే చూసుకున్నారు. ఇప్పుడు ఇల్లు మీది కనుక ఆ బాధ్యతా మీదే. నువ్వు ఫోనులో చలి గురించే అడిగావు, నేను మాత్రం నీళ్ల గురించి ఎక్కువ చెబుతాను. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. దారి మూసుకుపోయిన పైపులో ఆ ఒత్తిడికి రాగి కూడా చీలిపోతుంది.

అందుకే మొదట పెరటి కొళాయి చూడు. దానికి తగిలించిన హోస్ పైపును ఈ వారాంతంలోనే విప్పెయ్యి. మీది గడ్డకట్టని రకం కొళాయి అని అల్లుడు గారు అన్నారట. నిజమే, అందులో నీటిని ఆపే భాగం గోడ లోపల వెచ్చని చోట ఉంటుంది. కట్టెయ్యగానే గొట్టంలో మిగిలిన నీరు బయటికి కారిపోతుంది. హోస్ తగిలించి ఉంటే మాత్రం ఆ నీటికి దారి ఉండదు, గొట్టంలోనే గడ్డకట్టి దాన్ని చీలుస్తుంది. ఆ సంగతి చలికాలమంతా ఎవరికీ తెలియదు. మే నెలలో మొక్కలకు నీళ్లు పెడదామని కొళాయి తిప్పితే బయట ధార సన్నగా వస్తుంది, మిగతా నీరంతా గోడలోంచి బేస్‌మెంట్‌లోకి దిగుతుంది. పచ్చికకు స్ప్రింక్లర్లు ఉంటే వాటి గొట్టాల్లోకి కంప్రెసర్‌తో గాలి కొట్టించి నీరంతా పోగొట్టాలి. అది తెలిసినవాళ్ల చేతనే చేయించు.

నవంబరు దాకా ఆగవచ్చులే అనుకోవద్దు. 1991లో హాలోవీన్ రోజున, అంటే అక్టోబరు 31న మొదలైన తుపాను మినియాపొలిస్, సెయింట్ పాల్ ప్రాంతంలో 28 అంగుళాలకు పైగా మంచు కురిపించింది.

ఫర్నేస్‌ను ఏడాదికోసారి మెకానిక్‌కు చూపించు. ఫిల్టర్ మాత్రం నువ్వే మార్చుకోవచ్చు. దాని అట్ట చట్రం మీద ఉన్న బాణం గుర్తు గాలి పోయే వైపుకు, అంటే ఫర్నేస్ వైపుకు ఉండాలి. మన ఇళ్లలో పోపులు, వేపుళ్లు ఎక్కువ కాబట్టి నెలకోసారి తీసి దీపానికి ఎదురుగా పట్టి చూడు. వెలుతురు కనబడకపోతే మార్చెయ్యి. మీ ఇంటి పక్క గోడలోంచి రెండు తెల్లని ప్లాస్టిక్ గొట్టాలు బయటికి వచ్చి ఉంటాయి. ఫర్నేస్ గాలి పీల్చేదీ వదిలేదీ వాటితోనే. పెద్ద మంచు కురిసిన ప్రతిసారీ వాటి చుట్టూ తవ్వి శుభ్రం చెయ్యండి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం విషయంలో నేను బతిమాలుతున్నాననుకో. ఫర్నేస్ నుంచీ కారు నుంచీ వచ్చే ఆ విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. ప్రతి పడకగదికీ పది అడుగుల లోపు ఒకటి ఉండాలని మిన్నెసోటా చట్టమే చెబుతోంది. బటన్ నొక్కి మోగుతోందో లేదో చూసుకో. తలుపు తెరిచి ఉన్నా సరే, గరాజ్‌లో కారును వేడెక్కడానికి ఆన్ చేసి ఉంచవద్దు.

ఆకులన్నీ రాలాక గట్టర్లు, అంటే చూరు వెంబడి వాన నీరు పోయే తొట్లు, శుభ్రం చేయించు. అయితే చూరు మీద మంచుగడ్డలు పేరుకోవడానికి అసలు కారణం గట్టర్లు కాదు. ఇంట్లోని వేడి సందుల్లోంచి అటకలోకి ఎక్కి పైకప్పు మీది మంచును కరిగిస్తుంది, ఆ నీరు చల్లని చూరు దగ్గర మళ్లీ గడ్డకడుతుంది. వెనక వచ్చే నీరు పోయే దారి లేక ఇంట్లోకి కారుతుంది. వేడి పైకి పోకుండా అటక మూత చుట్టూ ఫోమ్ పట్టీ అంటించు, ఖర్చు చాలా తక్కువ.

2019 జనవరి 30న మినియాపొలిస్‌లో ఉష్ణోగ్రత మైనస్ 28 ఫారెన్‌హీట్‌కు, అంటే మైనస్ 33 సెల్సియస్‌కు పడిపోయింది. అలాంటి రాత్రుల్లో, బయటి గోడకు ఆనుకున్న సింకు కింది అలమార తలుపులు తెరిచి ఉంచు. ఇంటి వెచ్చదనం పైపులకు తగలాలి. ఇడ్లీ ఆవిరికి కిటికీ అద్దాలు చెమరిస్తే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యి, గాలిలో తేమ పెంచే హ్యుమిడిఫైయర్ తగ్గించు.

కరివేపాకు మొక్కను రాత్రి చలి 50 ఫారెన్‌హీట్‌కు దిగకముందే లోపలికి తీసుకురా. ముందు ఆకుల అడుగు భాగం కూడా నీళ్లతో బాగా కడుగు, పురుగులు అక్కడే దాక్కుంటాయి. ఇంట్లోకి వచ్చాక ఆకులు రాల్చినా కంగారుపడి నీళ్లు గుమ్మరించకు. మన్ను పైపొర ఆరాక పోస్తే చాలు, ఎండ బాగా పడే కిటికీ దగ్గర పెట్టు.

సంక్రాంతికి ఊరికి వెళ్తున్నారని మీ నాన్న చెప్పాడు. డబ్బు మిగులుతుందని ఫర్నేస్‌ను ఆపేసి వెళ్లవద్దు. ఇంటి వేడిని అదుపు చేసే థర్మోస్టాట్‌ను 55 ఫారెన్‌హీట్ కంటే తగ్గించకు. ఇంటికి నీళ్లు వచ్చే ప్రధాన వాల్వ్ కట్టేసి, పై అంతస్తులోనూ కిందా కొళాయిలు తెరిచి పైపులను ఖాళీ చెయ్యి. నమ్మకమైన వాళ్లకు తాళం ఇచ్చి, రెండు రోజులకోసారి లోపలికి వెళ్లి చూడమని చెప్పు. ఇంటి ముందు కాలిబాట మీద మంచు తీయడానికీ మనిషిని మాట్లాడు, మినియాపొలిస్‌లో మంచు ఆగిన 24 గంటల్లోగా తీయాలన్నది నిబంధన.

ఆ ప్రధాన వాల్వ్ ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికీ తెలియాలి. సాధారణంగా బేస్‌మెంట్‌లో నీటి మీటరు పక్కనే ఉంటుంది. కనబడకపోయినా, తిప్పితే తిరగకపోయినా బలప్రయోగం చెయ్యకుండా నాకు ఫోను చెయ్యి, శనివారం వచ్చి చూస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న