పరిగెత్తేవాడు తిరిగి రావాలి

తమ్ముడూ,

నీ స్క్రిప్టు 148 పేజీలూ చదివాను. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేసే టర్నర్ కుర్రాడు, ఓనరు హత్య వాడి మెడకు చుట్టుకోవడం, వాయిదాకి తీసుకెళ్తుంటే తప్పించుకోవడం. సరుకుంది. చెడింది ఎక్కడంటే, 31వ పేజీలో పరుగందుకున్నవాడు 140వ పేజీ దాకా ఆగలేదు. ఏలూరు, రాజమండ్రి, అరకు, ఆఖరికి ఒడిశా బోర్డరు. ఎందుకు పోతున్నాడయ్యా అంటే పోలీసులు తరుముతున్నారు కాబట్టి. దొంగకైతే ఆ కారణం చాలు. చేయని నేరం మీద పడ్డవాడికి చాలదు. వాడిని బయటపడేసే సాక్ష్యం ఆటోనగర్‌లో ఉంటే వాడికి అరకులో ఏం పని?

1993లో వచ్చిన 'ది ఫ్యుజిటివ్' మళ్లీ చూడు. ఈసారి కథ కోసం కాదు, దారి కోసం. దాని మూలం 1963 నుంచి 1967 దాకా అమెరికాలో నడిచిన టీవీ సీరియల్, 120 ఎపిసోడ్లు. సీరియల్లో, భార్యని చంపాడన్న చేయని నేరం మీద పడి పారిపోయిన డాక్టర్ కింబుల్ వారానికో ఊరు మారతాడు, మారకపోతే వచ్చే వారం కథ లేదు. సినిమా తీసిన ఆండ్రూ డేవిస్ చేతిలో ఉన్నది రెండు గంటల పది నిమిషాలు. అందుకే ఆయన కింబుల్ కొంతదూరం పారిపోతాడు, డ్యామ్ సొరంగంలోంచి దూకుతాడు, తర్వాత షికాగో తిరిగొచ్చేస్తాడు. తన ఫొటో టీవీలో పడుతున్న ఊరికి, తనని పేరు పెట్టి పిలిచేవాళ్లున్న ఊరికి. సినిమా సగానికి పైగా అక్కడే జరుగుతుంది. మన దగ్గర 1994లో మహేశ్ భట్ నాగార్జునతో తీసిన 'క్రిమినల్' కూడా ఈ కథలోంచి పుట్టిందే. రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఏది తెచ్చుకున్నారో ఏది వదిలేశారో రాసుకుంటే నీకు నెలరోజుల చదువు.

నీ ఇంటర్వెల్లో ఇప్పుడు జీపులు గాల్లోకి లేస్తున్నాయి. వాటిని దించేసి, మనవాడు విజయవాడ బస్సెక్కే చోట ఇంటర్వెల్ వెయ్యి. కండక్టరు "ఎక్కడికి?" అంటాడు. వాడు చెప్పాలి. హాల్లో గుండె ఆగాల్సింది ఆ ఒక్క మాటకి.

ఇక మొదటికొద్దాం. 12వ పేజీలో విలన్ మనిషి హీరో వేలిముద్రల్ని టేపుతో ఎత్తి ఇనపరాడ్డు మీద అంటిస్తాడు. తీసెయ్. ఆ సీను చూసిన ప్రేక్షకుడికి పోలీసులు వెర్రివాళ్లలా కనిపిస్తారు, వెర్రివాళ్లు తరుముతుంటే ఎవడికీ భయం వెయ్యదు. కింబుల్ మీద ఉన్న సాక్ష్యాలు చూడు. తలుపు పగలగొట్టిన గుర్తుల్లేవు. భార్య గోళ్లలో అతని చర్మం ఉంది, ప్రాణం పోతూ అతన్ని పట్టుకుంది కాబట్టి. ఆమె డబ్బు అతనికే వస్తుంది. ఎమర్జెన్సీ ఫోన్‌లో ఆమె భర్త పేరు పలుకుతూ, చంపబోతున్నాడని అంటుంది. ఆమె పిలిచింది భర్తని, చెప్పింది హంతకుడి గురించి. జ్యూరీకి రెండూ ఒకటిగా వినిపించాయి. వీటిలో అబద్ధం ఒక్కటీ లేదు. నిజాలనే తప్పు వరసలో పేర్చారు.

నీ టర్నర్‌కి కూడా అలాగే పేర్చు. ఆ రాడ్డు లేత్ మీద తిప్పింది వాడే, వేలిముద్రలుండక ఏం చేస్తాయి? మూడు నెలల జీతం బాకీ, రెండ్రోజుల కిందటే పదిమంది ముందు ఓనరుతో గొడవ. షట్టరు రెండో తాళంచెవి వాడి దగ్గరే. పడిపోయిన మనిషిని లేపబోతే చొక్కా నిండా రక్తం. ఈ నాలుగూ కథ తెలియని మనిషికి వరసగా చెప్పు. "వాడే చేసుంటాడు" అని ఆ మనిషి అంటే నీ మొదటి ఇరవై పేజీలు నిలబడ్డట్టు.

చట్టం దగ్గర కొంచెం ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయాలి. హత్యకి నువ్వు ఇంకా పాత ఐపీసీ సెక్షన్ 302 అనే రాస్తున్నావు. 2024 జులై 1 నుంచి జరిగిన హత్యకి అది భారతీయ న్యాయ సంహితలో 103. అంతకన్నా పెద్ద పొరపాటు తారీకులది. నీ హీరో రిమాండులో నాలుగు నెలలున్నాడు, చార్జిషీటు ఊసే లేదు. హత్య కేసులో 90 రోజుల్లో చార్జిషీటు వెయ్యకపోతే బెయిలు అడిగే హక్కు వాడికి వచ్చేస్తుంది. బెయిలు మీద దర్జాగా బయటికి రావాల్సినవాడు వ్యాను దూకి పారిపోవడమేంటని హాల్లో ఒక్క ప్లీడరు గుమస్తా ఉన్నా నవ్వుతాడు. చార్జిషీటు 80వ రోజున వేయించు, లేదా అంతకు ముందే తప్పించు. ఇంకోటి: హత్య వాడు చెయ్యకపోయినా, కస్టడీ నుంచి పారిపోవడం విడిగా నేరం, సెక్షన్ 262. చివరి సీనులో వాడు పూలదండతో ఇంటికెళ్లడం కుదరదు.

అదే సంహితలో నీకు పనికొచ్చే మెలిక ఇంకొకటుంది. అలా తప్పించుకున్నవాడికి, తెలిసి కూడా, పట్టుబడకుండా చోటిచ్చినవాళ్లు 253 కింద దొరుకుతారు. భార్యకో భర్తకో మాత్రం మినహాయింపు. అంటే పెళ్లాం అన్నం పెట్టి దాచినా తప్పు కాదు, స్నేహితుడు దాచితే జైలు. నీ 66వ పేజీలో స్నేహితుడు ఒక్క క్షణం కూడా తటపటాయించకుండా తలుపు తీశాడు. తీయనీ, కానీ లోపల వాడి భార్య ముఖం చూపించు.

తప్పించుకునే సీనుకొస్తే, నీవాడు ఆరుగురు కానిస్టేబుళ్లని కొట్టాడు. ఆరుగుర్ని కొట్టగలిగినవాడి మీద జాలెందుకు? కింబుల్ ఏ పన్నాగమూ పన్నలేదు. గొడవ లేవదీసింది తోటి ఖైదీలు, బస్సు బోల్తా పడి పట్టాల మీద ఆగింది, ఎదురుగా రైలొస్తుంటే అతను చేసింది గాయపడ్డ గార్డుని బయటికి లాగడం. దానికోసం నార్త్ కరోలినాలోని డిల్స్‌బరో దగ్గర నిజం రైలునే గుద్దించారు. (నీ నిర్మాత రైలివ్వడు. ఆర్టీసీ బస్సిచ్చినా గొప్పే.) నీకు ఇద్దరు ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) కానిస్టేబుళ్లు, ఒక వ్యాను, పక్కకి ఒరిగిన ఒక ఇసుక లారీ చాలు. మనవాడు కానిస్టేబుల్ తొడకి తువ్వాలు బిగించి కట్టాలి, అప్పుడు తాళంచెవి తియ్యాలి. ఆ వరస మారకూడదు.

ఈ చోటు నీకు ఇంకోటి కూడా ఇస్తుంది. హత్య కేసు ఒక స్టేషన్‌ది. తప్పించుకున్న కేసు, ఆ వ్యాను ఒరిగిన ఊరి స్టేషన్‌లో కొత్తగా కడతారు. కాబట్టి తరిమే సీఐకీ హత్య కేసు దర్యాప్తుకీ సంబంధం ఉండక్కర్లేదు. ఆ కేసు నిలబడినా పడిపోయినా అతని పరువు పోదు. సొరంగంలో కింబుల్ తను భార్యని చంపలేదని అరిస్తే, అతన్ని తరుముతున్న మార్షల్ జెరార్డ్ తనకి అనవసరం అనేస్తాడు. అది మొండితనం కాదు, అతని ఉద్యోగం అంతవరకే. పట్టుకు రావాలి, తీర్పు చెప్పకూడదు. ఆ హద్దు అంత గట్టిగా ఉంది కాబట్టే తర్వాత అతనికి పుట్టే అనుమానానికి విలువ. నీ సీఐ 40వ పేజీలోనే "వీడు అమాయకుడేమో" అంటున్నాడు. తొంభయ్యో పేజీ దాకా నోరు మూయించు.

అతని తెలివి మాటల్లో కాదు, లెక్కలో చూపించు. జెరార్డ్ వచ్చీరాగానే లెక్క కడతాడు: పారిపోయి తొంభై నిమిషాలు, ఎగుడుదిగుడు నేల మీద గంటకి నాలుగు మైళ్లు, చుట్టూ ఆరు మైళ్లు. నీ సీఐ కూడా కట్టాలి. పొలం గట్ల మీద గంటకి ఐదు కిలోమీటర్లనుకుంటే తొంభై నిమిషాలకి ఏడున్నర. హైవే మీద లారీ దొరికితే అదే టైముకి తొంభై. అప్పుడతని మొదటి ప్రశ్న "ఎటు పోయాడు?" కాదు, "బండి దొరికిందా?" ఇంకో గంటన్నర ఆలస్యమైతే దూరం రెట్టింపు అవుతుంది కానీ వెతకాల్సిన నేల నాలుగింతలవుతుంది. ఈ ఒక్క లెక్క వల్ల ప్రతి నిమిషానికీ బరువొస్తుంది, వెనక సంగీతం అక్కర్లేదు.

నీ స్క్రిప్టులో అసలు లేనిదీ, నేను ఈ ఉత్తరం రాయడానికి కారణమైనదీ ఇప్పుడు చెప్తున్నాను. నీ హీరో ఎలా దొరుకుతాడు? నువ్వు ప్రతిసారీ ఎవడో ఇన్‌ఫార్మర్ ఫోన్ చేసినట్టు రాశావు. కింబుల్ కుక్ కౌంటీ ఆసుపత్రిలో ఊడ్చేవాడి వేషంలో ఉండి, ఒక పిల్లాడి ఎక్స్‌రే చూసి ఆగలేక కాగితం మీద రోగనిర్ధారణ మార్చి ఆపరేషన్‌కి పంపిస్తాడు. పిల్లాడు బతుకుతాడు, ఒక డాక్టరు కనిపెట్టేస్తుంది. వాడి మంచితనం, వాడి పనితనం, ఆ రెండే వాడి ఆచూకీ. ముఖం మార్చుకోవచ్చు, చేతిపని మార్చుకోలేడు.

టర్నర్‌కి దాన్ని ఇలా దించు. ఓ పల్లెలో పిండిమర ఆగిపోయి ఉంది. మోటారు తిరుగుతోంది, షాఫ్టు తిరుగుతోంది, పుల్లీ మాత్రం జారుతోంది. ఆ రెంటి మధ్య గాడిలో బిగించే చిన్న ఇనపముక్క, కీ అంటారు, అరిగిపోయింది, ఊరి మెకానిక్ రేకుముక్క కుక్కి పోయాడు. బియ్యం పిండికొచ్చిన ముసలమ్మ గిన్నె పట్టుకుని కూర్చుంది. మనవాడు కాసేపు చూడనట్టే ఉంటాడు. తర్వాత ఇనప ముక్కొకటి తీసుకుని, 28 మిల్లీమీటర్ల షాఫ్టుకి 8 మిల్లీమీటర్ల కీ ఆకురాయితో రాయడం మొదలెడతాడు. దానికి దీపం మసి పూసి గాడిలో పెట్టి తీస్తాడు. మసి ఎక్కడ చెదిరిందో అక్కడే ఇంకో రెండు రాతలు. మళ్లీ మసి. నాలుగోసారికి సుత్తి పిడితో రెండు దెబ్బలు, లోపల కూర్చుంటుంది. ముసలమ్మకి పిండి దొరుకుతుంది. మర్నాడు మెకానిక్ వచ్చి, ఆ కీని గోరుతో తడిమి, "ఇది మనూరోళ్ల పని కాదే" అంటాడు.

అదే సమయంలో సీఐ తన మనుషులతో అంటున్నాడు: "ఫొటో చూపించడం మానండి. ఈ వారంలో మీ ఊళ్లో కొత్తవాడెవడైనా ఏదైనా బాగుచేశాడా అని అడగండి." రెండు సీన్లూ కలిసిపోతాయి. తరిమేవాడు వెతికే మనిషిని అర్థం చేసుకోవడం మొదలెట్టింది అక్కడే. అనుమానం దానంతటదే వస్తుంది.

ఫోను సంగతి త్వరగా తేల్చెయ్. సిమ్ము పీకేస్తే చాలనుకున్నావు, చాలదు. కొత్త సిమ్ము వేసినా హ్యాండ్‌సెట్ ఐఎంఈఐ నంబరు టవర్‌కి చేరుతుంది. ఫోన్ పే లేదు, ఏటీఎం లేదు, ఉన్నది జేబులో నోట్లు. అందుకని స్క్రిప్టు పక్కన ఒక లెక్కల కాగితం పెట్టు: ఏ రోజు, చేతిలో ఎంత, ఏం తిన్నాడు, ఎన్ని గంటలు పడుకున్నాడు, గాయం ఎలా ఉంది, గడ్డం ఎంత. నీ హీరో మూడో రోజు 600తో మొదలై ఐదో రోజు ఆటోకి ఐదొందలిచ్చి, ఏడో రోజు కొత్త చొక్కా కొన్నాడు. దొంగతనం చేశాడా? చేస్తే ఆ సీను రాయి, మంచి సీనవుతుంది.

గడువు కూడా నీ చేతిలోనే ఉంది, బాంబు అక్కర్లేదు. ఎదురు షాపు సీసీ కెమెరా రికార్డయ్యే పెట్టె, డీవీఆర్‌లో డిస్కు నిండగానే పాతదాని మీద కొత్తది రాసుకుంటుంది. చిన్న షాపుల్లో అది చాలాసార్లు పదిహేను నుంచి ముప్పై రోజుల లోపే. హత్య జరిగి ఎన్నాళ్లయిందో లెక్కేసుకో, నీ 90 రోజులతో అది పొసగదు. పొసగాలంటే ఎవరో ఆ డిస్కు తీసి కొత్తది వేసుండాలి. ఎవరు, ఎందుకు? నీ రెండో సగం ఈ ప్రశ్న చుట్టూ తిరగొచ్చు.

వెతుకులాటలో మనవాడికి మొదటిసారే సరైన మనిషి దొరికిపోకూడదు. భార్యని చంపినవాడికి ఒక చెయ్యి కృత్రిమం, అందుకని కింబుల్ కృత్రిమ చేతుల రికార్డుల్లోంచి ఐదు పేర్లకి వస్తాడు. అందులో ఒకడు జైల్లో ఉన్నాడు. కింబుల్ స్వయంగా ఆ జైలుకి వెళ్తాడు, అతను కాడు. ఉపయోగం లేని దారేగా అనుకోకు. పారిపోయిన ఖైదీ తనంతట తాను జైల్లోకి నడిచి వచ్చాడెందుకని జెరార్డ్ తల పట్టుకుంటాడు. హీరోకి దక్కని జవాబు తరిమేవాడికి ప్రశ్నగా మిగలాలి.

ఒక సీను మర్చిపోయావు. పరారీలో ఉన్నవాడి మీద కోర్టు ప్రకటన ఇస్తే, ఫలానా తేదీకి హాజరు కావాలని, దాన్ని వాడి ఊళ్లో నలుగురికీ వినపడేలా చదవాలి, ఇంటికి అంటించాలి. కనీసం 30 రోజుల గడువుండాలి. వాళ్లమ్మ గుమ్మంలో నిలబడుంటే, ఇంటిపేరుతో సహా కొడుకు పేరు వీధిలో గట్టిగా చదువుతారు. జిగురు ఆరకముందే ఆమె ఏం చేస్తుందో నువ్వు చెప్పాలి.

ముందు మొత్తం తిరగరాయకు. లెక్కల కాగితం, నాలుగు సాక్ష్యాలు, వ్యాను సీను, పిండిమర సీను, ఈ నాలుగే పంపు. వ్యాను సీనులో బేడీల తాళంచెవి ఇద్దరిలో ఏ కానిస్టేబుల్ జేబులో ఉందో మొదటి పేజీలోనే కనపడాలి.

మీ అన్నయ్య