స్టేక్ పక్కన ఏ రెడ్ వైన్?

ప్రశ్న: మాది బల్లార్షా. పెళ్లిరోజుకి మా ఆయనా నేనూ పుణెలో స్టేక్ తినబోతున్నాం. వైన్‌కి మూడు వేలు దాటకూడదు. ఏది అడగాలి?

జవాబు: వైన్ లిస్టులో ఫ్రాన్స్ పేజీ తిప్పేయండమ్మా, దిగుమతి సుంకమే సగం మింగేస్తుంది. మీ రాష్ట్రంలోనే షిరాజ్ అనే ద్రాక్షతో చేసే నాసిక్ రెడ్ వైన్ ఉండగా బెంగెందుకు? 2015 నుంచి మహారాష్ట్రలో ఎద్దుల వధ కూడా నిషేధం కాబట్టి, అక్కడి స్టేక్ ఎక్కువగా గేదెదే. దాన్లో కొవ్వు తక్కువ. నాలుక పట్టేసే వగరుండే కాబర్నే అనే రెడ్ వైన్ దానికి బరువైపోతుంది. నేనైతే షిరాజే అంటాను, మిరియాల సాస్‌తో ఎంత బాగుంటుందో! లిస్టులో మీకు సరిపోయే ధర మీద వేలు పెట్టి, "ఈ ధర చుట్టుపక్కల షిరాజ్ ఏముంది బాబూ?" అనండి. పన్ను కలిపారో లేదో ముందే అడగండి. 750 మిల్లీలీటర్ల సీసా అయిదు గ్లాసులొస్తుంది, ఇద్దరికీ చాలు. సీసా వెచ్చగా తెస్తే పది నిమిషాలు ఐసులో పెట్టించండి, మొహమాటపడకండి.