బూజుకు బీమా లేదు

ప్రశ్న: ఉద్యోగం చేసుకుంటూనే నాలుగేళ్లపాటు శని, ఆదివారాల్లో ఫొటోలు తీసి కాస్తో కూస్తో సంపాదించాను. పాప పుట్టాక తీరిక లేక మానేశాను. రెండు కెమెరా బాడీలు, అయిదు లెన్సులు ఏడాదిన్నరగా బ్యాగుతో సహా బట్టల బీరువా అడుగున ఉన్నాయి. మళ్లీ ఎప్పుడు మొదలుపెడతానో తెలియదు. మా ఆవిడ అమ్మేయమంటోంది. స్నేహితుడు డ్రై క్యాబినెట్ (లోపలి తేమను తగ్గించి ఉంచే కరెంటు పెట్టె) కొనమంటున్నాడు. నాకేమో ఇన్సూరెన్స్ చేయించి నిశ్చింతగా ఉండాలని ఉంది. డబ్బుపరంగా ఏది మేలు?

జవాబు: ముందు ఇన్సూరెన్స్ సంగతి తేల్చేద్దాం. మీరు నిశ్చింత కోసం వెతుకుతున్న చోట అది దొరకదు. కెమెరా సామగ్రికి ఇచ్చే పాలసీలు హఠాత్తుగా జరిగే నష్టాల కోసం: దొంగతనం, అగ్నిప్రమాదం, చేయిజారి పడటం లాంటివి. అరుగుదల, తుప్పు, చెమ్మ, బూజు లాంటి నెమ్మదిగా వచ్చే నష్టాలు సాధారణంగా మినహాయింపుల పేజీలో ఉంటాయి. ఏ పాలసీ మీద సంతకం పెట్టినా ముందు ఆ పేజీ చదవండి. వారంటీదీ దాదాపు ఇదే తీరు. లెన్సులు భుజాన వేసుకుని తిరిగే రోజుల్లో మీకు పాలసీ అవసరం. బీరువాలో పడుకున్న లెన్సు చేయిజారి పడదు కదా. ఇంట్లో ఉన్నప్పుడు దొంగల భయం ఒకటి ఉంటుంది, అది మీ ఇంటి పాలసీలోకి వస్తుందేమో అడగండి. బిల్లులు, సీరియల్ నంబర్ల ఫొటోలు తీసి దాచుకోండి. అంతకుమించి ఇప్పుడు ప్రీమియం కట్టక్కర్లేదు.

మీ డబ్బుకు అసలు ముప్పు చెమ్మే. గాలిలో తేమ 60–65 శాతం దాటి ఎక్కువ రోజులు ఉంటే లెన్సు లోపల ఫంగస్, అంటే బూజు, పెరగడానికి వీలు దొరుకుతుంది. దానికి తిండి దుమ్ము, వేలిముద్రల జిడ్డు. గాలి, వెలుతురు లేని చోటంటే దానికి మరీ ఇష్టం. అది వదిలే ఆమ్లం లెన్సు మీది పూతను, ఆ తర్వాత గాజును కూడా తినేస్తుంది.

నేనూ ఒకటి పోగొట్టుకున్నాను. 50 ఎం.ఎం. లెన్సు, తోలు పౌచ్‌లో పెట్టి, పౌచ్‌ను సొరుగులో పెట్టి, రెండేళ్లు మరచిపోయాను. బయటికి తీస్తే కొత్తదానిలా మెరిసింది. కొనడానికి వచ్చిన కుర్రాడు జేబులోంచి చిన్న టార్చి తీసి, వెనకవైపు నుంచి ఏటవాలుగా వెలుగు వేశాడు. ఏమీ అనలేదు, లెన్సును నావైపు తిప్పాడంతే. అంచు దగ్గర నుంచి మధ్యకు పాకిన సన్నని దారాలు. తెలుగులో సాలెపట్టునూ బూజనే అంటాం, పాడైన వస్తువు మీద పట్టేదాన్నీ బూజనే అంటాం. రెండింటికీ ఒకే మాట ఎందుకు వాడతామో నాకు ఆ రోజు అర్థమైంది. తర్వాత రిపేరు చేసే అతను లెన్సు విప్పి తుడిచాడు. దారాలు పోయాయి గానీ వాటి జాడలు పూత మీద గీతల్లా మిగిలిపోయాయి. లెన్సుకు వచ్చేదాంట్లో సగానికి పైగా రిపేరుకే అయింది. ఊరికే కూర్చుని ఖర్చు తడిసి మోపెడవడమంటే అదే.

అందుకే అమ్మాలా ఉంచాలా అని ఇంట్లో వాదన పెట్టుకునే ముందు, ఈ రాత్రి పాప పడుకున్నాక దీపాలు ఆర్పి మీరూ ఆ టార్చి పరీక్ష చేయండి. రెండు వైపులా క్యాపులు తీసి, ఎపర్చర్ (లెన్సులో వెలుగు వెళ్లే రంధ్రం) తెరిచి ఉండేలా చూసుకుని, వెలుగు కంట్లో పడకుండా పక్క నుంచి చూడండి. అక్కడక్కడా చుక్కలుంటే అది దుమ్ము, దాన్ని పట్టించుకోకండి. కొమ్మలు వేసిన దారాల్లా ఉంటే ఫంగస్. దాన్ని వెంటనే వేరే జిప్ సంచిలో పెట్టి, మిగతావాటికి దూరంగా ఉంచండి. రిపేరు అంచనా అడగండి. అది లెన్సు విలువలో మూడో వంతు దాటితే, ఉన్న లోపం చెప్పి తక్కువకు అమ్మేయమనే నేను అంటాను.

శుభ్రంగా తేలినవాటి గురించి ఇప్పుడు లెక్కలు వేద్దాం. కొన్న ధర మరచిపోండి, అది ఎప్పుడో ఖర్చయిపోయింది. ఈ రోజు అమ్మితే ఎంత వస్తుందో ఒక్కో దాని ఎదురుగా రాయండి. ఆ డబ్బు చేతిలో పెట్టి, ‘ఈ లెన్సు మళ్లీ కొంటావా?’ అని ఎవరైనా అడిగితే మీరేమంటారో పక్కన రాయండి. అయిదింటిలో రెండు మూడింటికి ‘కొనను’ అని వస్తుందని నా ఊహ. బాడీల విషయంలో ఇంకా త్వరపడాలి. కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా పాత బాడీ విలువ జారిపోతుంది. మంచి లెన్సు అంత వేగంగా పడదు, గాజు శుభ్రంగా ఉన్నంత కాలం. కాబట్టి మీ ఆవిడ మాట సగం సరైనది: ఒక బాడీ, ‘కొనను’ అన్న లెన్సులు అమ్మేయండి. ఒక బాడీ, మనసైన రెండు మూడు లెన్సులు ఉంచుకోండి. పాప పెరుగుతున్న ఫొటోలైనా తీస్తారు.

మిగిలినవాటికి క్యాబినెట్ కావాలా? అమ్మితే వచ్చే మొత్తాన్ని 100 అనుకోండి. ఏడాదికి భద్రపరచే ఖర్చు అందులో 2 దాటకూడదని నేను పెట్టుకున్న హద్దు. క్యాబినెట్ ధరను మీరు వాడబోయే ఏళ్లతో భాగించి చూసుకోండి. దాని కరెంటు ఖర్చు స్వల్పమే. వారం వారం లెన్సులు తీసి పెట్టే వాళ్లకు, పది పన్నెండు ఉన్నవాళ్లకు అది తగిన వస్తువు. మూత తీసిన ప్రతిసారీ మామూలు డబ్బాలోకి చెమ్మగాలి దూరుతుంది, క్యాబినెట్ అయితే ఆ తేమను తనే మళ్లీ లాగేస్తుంది. మూడు లెన్సులను నెలకోసారి తీసే మీకు మూతకు రబ్బరు పట్టీ ఉండి గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, చెమ్మను పీల్చే సిలికా జెల్, తేమను కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ చాలు. స్నేహితుడు ఏమీ అనుకోడు.

హైగ్రోమీటర్‌ను మాత్రం గుడ్డిగా నమ్మకండి. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత వరకే నీటి చుక్కలు వేయండి, ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతను, మీటరును ఒకే జిప్ సంచిలో బిగించి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి 75 శాతం దగ్గర చూపించాలి. 70 చూపిస్తే మీ మీటరు 5 తక్కువ చెబుతోందని గుర్తుపెట్టుకోండి. డబ్బాలో 40 నుంచి 50 మధ్య ఉంటే మంచిది. జెల్ ఎక్కువ వేస్తే ఇంకా మంచిదనుకోకండి, మరీ 30 కంటే దిగువకు పోతే రబ్బరు రింగులకు, లోపలి గ్రీజుకు మంచిది కాదంటారు. రంగు మారే జెల్ కొనండి: నారింజ రంగుది ఆకుపచ్చగా మారితే తేమ పీల్చేసి నిండిందని అర్థం. ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది. చెప్పుల పెట్టెల్లో వచ్చే చిన్న పొట్లాలు దాచి వాడదామనుకుంటున్నారేమో, అవి మీ చేతికి వచ్చేసరికే చాలావరకు నిండి ఉండొచ్చు.

బట్టల బీరువా అన్నారు కదా, అందులో కలరా ఉండలు ఉంటే లెన్సులను ఈ రోజే బయటికి తీయండి. వాటి దగ్గర పెట్టొద్దని కెమెరాల మాన్యువళ్లే చెబుతాయి. బ్యాగులోని స్పాంజి, తోలు పౌచ్‌లు చెమ్మను పట్టి ఉంచుతాయి కాబట్టి ప్రయాణానికి తప్ప వాటిని వాడకండి. డబ్బాలో పెట్టే ముందు లెన్సు మీది వేలిముద్రలు తుడిచి, రెండు వైపులా క్యాపులు పెట్టండి. ఫ్లాష్‌లోంచి సెల్‌లు తీసేయండి, కారితే ఫ్లాష్ పోతుంది.

క్రెడిట్ కార్డు బిల్లు కట్టే రోజునే డబ్బా తెరిచి అంకె చూసి, ఫోకస్ రింగును ఒకసారి అటూ ఇటూ తిప్పండి. మూడు నెలలకోసారి టార్చి వేయండి. అమ్మగా వచ్చిన డబ్బును పొదుపు ఖాతాలో పడేసి మరచిపోకండి. పాప పేరున మీరు ఇప్పటికే నెలనెలా వేస్తున్న పథకం ఏదైనా ఉంటే అందులోకి మళ్లించండి. అలాంటిదేదీ లేకపోతే మళ్లీ రాయండి, ఆ సంగతి లెన్సుల కంటే ముందు చూడాల్సింది.